బొంతకు కుట్టు నమూనా: యంత్రముపై మొదటిసారి కుట్టువారికి

బొంత యనగానే మన పెద్దలకు పాతచీరలు, దబ్బనము, తెల్లదారము, మధ్యాహ్నవేళ అరుగుమీద కాళ్లు చాచి కూర్చున్న స్త్రీల ముచ్చటలు జ్ఞప్తికి వచ్చును. నేడు గచ్చిబౌలిలో అరుగులు అరుదు. 1998వ సంవత్సరమున సమీపమందలి మాదాపురములో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట, ఈ రాతినేలమీద మేడపై మేడ లేచి, నలుదిక్కుల జిల్లాలనుండియు కుటుంబములు వచ్చి కాపురముండుచున్నవి. వారిలో పెక్కుమంది పెట్టెలలో అమ్మమ్మయో నాయనమ్మయో కుట్టియిచ్చిన బొంత యొకటి యుండును. అది చినిగిపోయినచో వేరొకటి కుట్టుట యెట్లో తెలిసినవారు ఇంట నుండరు. కుట్టుయంత్రము మాత్రము ఒక మూల నుండును.

హైదరాబాదున బొంతతో పనియేమని కొందరందురు. శేరిలింగంపల్లి ప్రాంతమున డిసెంబరు, జనవరి మాసములందు తెల్లవారుజామున చలి 10 డిగ్రీల సమీపమునకు దిగుట కలదు. ఎండకాలమునందు సైతము శీతలయంత్రము నడచు గదిలో నిద్రించువారికి దళసరి రజాయికంటె పలుచని నూలుబొంత హితముగా నుండును. కావున బొంత పని తీరిపోయినదని చెప్పుటకు వీలులేదు.

ఈ వ్యాసమునందు బట్ట కత్తిరించుట, ముక్కలు అతుకుట మొదలగు పనులన్నిటిని వర్ణింపబోము. ఒక్క ప్రశ్ననే విచారింతము. పొరలను ఒకదానిపై నొకటి పరచిన పిమ్మట, యంత్రపు సూది ఆ బట్టపై ఏ దారిని నడువవలెను? ఈ దారినే ఇచట నమూనా యనుచున్నాము. మొదటిసారి కుట్టువారు సామాన్యముగా తప్పు నిర్ణయము చేయునది ఇచటనే. నమూనా యనగానే పూవులు, తీగెలు, నెమళ్లు మనసున మెదలును. ఏది చూచుటకు బాగున్నదో దానినే ఎన్నుకొందురు. ఏది కుట్టుటకు వీలగునో విచారింపరు.

బొంతయందు కుట్టు చేయు పనియేమో ముందుగా తెలిసికొనవలెను. బొంతకు మూడు భాగములు: పైబట్ట, నడిమి పొర, అడుగుబట్ట. నడిమి పొర దూది కావచ్చును, పాత దుప్పటి కావచ్చును, పాతచీరల మడతలే కావచ్చును. కుట్టు లేనిచో ఈ మూడును వేర్వేరుగా జారును. కప్పుకొని పొరలినపుడు, ఉతికి పిండినపుడు, నడిమిది యొక మూలకు చేరి ముద్దయగును. దానిని అడ్డగించుటయే కుట్టుయొక్క పని. దూదిపరుపును చూచినవారికి ఇది తేటపడును. దూదేకులవారు దూదిని విల్లుతో ఏకి, గుడ్డసంచిలో నింపి, అటనట దబ్బనముతో పెద్దకుట్లు వేయుదురు. ఆ కుట్లను చూచి ఎవరును మెచ్చుకొనరు. అవి తెగినచో మాత్రము ఆ రాత్రియే వీపునకు తెలియును.

మన స్త్రీలు చేతితో కుట్టిన బొంతలలో నమూనా మిక్కిలి సాదాయైనది. సూదిని మీదికిని క్రిందికిని పోనిచ్చు సాదాకుట్టుతో, ఒక అంచునుండి రెండవ అంచువరకు తిన్నని వరుసలు, దగ్గర దగ్గరగా నుండును. ఇరుగుపొరుగు దేశములయందును ఇట్టి పని కలదు. మహారాష్ట్రమునందు గోధడి, సింధు రాజస్థానములయందు రల్లీ, బీహారమునందు సుజనీ యని దానికి పేర్లు. ఉత్తర కన్నడ జిల్లాయందలి సిద్దీ స్త్రీలు తమ కవంది బొంతలను అంచున ఆరంభించి, చుట్టి చుట్టి, నడిమికి కుట్టుకొనిపోవుదురు. బంగాళమునందలి కాంతాపని ఇంకొక మెట్టు. అందు చేపలు, పూవులు, ఏనుగులు, రథములు సైతము సాదాకుట్టుతోనే వెలయును.

కాంతాపనిని చూచి యంత్రముపై అట్లే చేయుదమని తొందరపడరాదు. చేతికుట్టునందు బట్ట కదలదు, సూది కదలును. సూది చిన్నది, తేలికైనది. ఎటు త్రిప్పినను తిరుగును. యంత్రమునందు సూది ఉన్నచోటనే దిగుచు లేచుచుండును, బట్టయే కదలవలెను. తామరరేకు ఒకటి గీయవలెనన్నచో చేతికుట్టున మణికట్టు త్రిప్పిన చాలును. యంత్రమున బొంతనంతయు త్రిప్పవలెను. ఈ భేదమొక్కటి మనసున నాటుకొన్నచో నమూనా నిర్ణయము సగము తీరినట్లే.

యంత్రముయొక్క నడకను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను కుట్టుయంత్రములకు హక్కుపత్రములు పొందిరి. యంత్రములను మెచ్చని గాంధీమహాత్ముడు సైతము 1924లో వానిని గూర్చి ముచ్చటించుచు సింగరు యంత్రమును మినహాయించి, లోకమునకు ఉపయోగపడిన కొలది వస్తువులలో నొకటిగా నెన్నెను. 1930 తరువాతి దశకమున కలకత్తాలో ఉషా యంత్రముల తయారీ ఆరంభమైనది. ఆనాటి కాలిమిషనుకును నేటి విద్యుద్యంత్రమునకును బట్టను నడపు సూత్రమొక్కటే. సూదిక్రింద పలకలోనుండి చిన్నపళ్లు లేచి అడుగుబట్టను వెనుకకు లాగును. మీదినుండి పాదము బట్టను అదిమి పట్టును. పలుచని రవికెగుడ్డ కుట్టునపుడు ఇందువలన చిక్కులేదు. మూడు పొరల బొంతయందు మాత్రము పళ్లు అడుగుబట్టను నడపుచుండగా, పాదము పైబట్టను ఆపుచుండును. అడుగుబట్ట ముందు పోవును, పైబట్ట వెనుకబడును. వరుస చివరకు చేరుసరికి పైబట్ట అంగుళమంత మిగిలి ముడుతపడును. రెండవ వరుస మొదటిదానిని అడ్డముగా దాటినచో, దాటినచోటనెల్ల చిన్న మడత కుట్టులో చిక్కుకొనును.

దీనికి వాకింగ్ ఫుట్ అను పాదము మందు. అది మీదినుండి తన పళ్లతో పైబట్టనుకూడ నడపును. ఇంటియంత్రములలో చాలవానికి సరిపడునవి అంగళ్లలో దొరకును. కొనుటకు ముందు యంత్రపు పేరు, పాదము బిగించు కడ్డీ పొడవు చెప్పి అడుగవలెను. తల్లిదండ్రులకొక మాట. బొంతకొరకై క్రొత్త యంత్రమును కొనవలసిన పనిలేదు. తిన్నని కుట్టు సరిగా వేయు పాత కాలిమిషను, ఈ పాదము, పదునైన క్రొత్త సూది ఉన్న చాలును. ఈ పాదముతో తిన్నని వరుసలను, మెల్లని వంపులను మాత్రమే కుట్టగలము. పూవులు, సుడులు కుట్టవలెనన్నచో యంత్రపు పళ్లను దించి, బట్టను చేతులతోనే నాలుగుదిక్కుల నడపవలెను. మన నగరమున రవికెలమీద మిషను ఎంబ్రాయిడరీ చేయు పనివారు చేయునది ఇదియే. వారు రింగులో బిగించినది జానెడు గుడ్డ. సూదివేగమును చేతివేగమును సరిపుచ్చుటకు వారికే నెలలు పట్టును. అట్టిచో బరువైన బొంతతో క్రొత్తవారు ఆ పనికి పూనుట ఎట్లు?

మా కుట్టు తరగతికి వచ్చు బాలిక యొకతె తన నాయనమ్మ చీరలు రెంటిని తెచ్చెను. నాయనమ్మ గతించినది. అక్కకు బిడ్డ పుట్టనున్నది. ఆ చీరలతో బొంత కుట్టి ఇయ్యవలెనని బాలిక కోరిక. ఫోనులో చూచిన నమూనా యొకటి కూడ తెచ్చెను. అందు తామరలు, తీగెలు దట్టముగా నున్నవి. చీరను కిటికీకి అడ్డముగా పట్టి చూచితిమి. అంచు, పైటకొంగు గట్టిగానే యున్నవి. కుచ్చిళ్లుండు భాగము మాత్రము జల్లెడవలె వెలుతురును విడిచెను. ఇరువది ముప్పది యేండ్లు కట్టి ఉతికిన నూలుచీర అట్లే యుండును. ఆ మెత్తదనమే బిడ్డ క్రింద పరచుటకు దానిని యోగ్యముగా చేయునది. కాని ఆ మెత్తని గుడ్డకు ఒక లోపము కలదు. అది కుట్టును ఒకమారు ఓర్చును. కుట్టి, విప్పి, మరల అచటనే కుట్టుటను ఓర్వదు. సూది చేసిన రంధ్రములు పూడవు. దారము లాగినపుడు నేతపోగులు తెగును. నర్సాపురపు లేసు అల్లికలో తప్పు దొర్లినచో దారమును లాగి, ఉండచుట్టి, ఆ దారముతోనే మరల అల్లవచ్చును. బొంతకుట్టునకు అట్టి సదుపాయము లేదు. ఆ చీరలు పోయినచో మరల తెచ్చుటకు ఏ అంగడిలోను దొరకవు.

కాబట్టి పాతచీరల బొంతకు నమూనా నెన్నుకొను సూత్రమిది: విప్పవలసిన అవసరము తక్కువగా కలుగు నమూనాయే మేలైన నమూనా. ఆ బాలికను తామరలను వేరొక క్రొత్తగుడ్డపై కుట్టి చూడుమంటిమి. మూడు రేకులు ముగియుసరికి రెండుమారులు విప్పవలసి వచ్చెను. పిమ్మట ఆమెయే తిన్నని వరుసల కొప్పుకొనెను.

నమూనా సులభమో కాదో చూపు చూచి చెప్పుట కష్టము. కొన్ని చూచుటకు సులభములు, కుట్టుటకు కఠినములు. దీనికి కాగితము, పెన్సిలు చాలును. నమూనాను గీయునపుడు పెన్సిలును కాగితముమీదనుండి ఎన్నిమారులు ఎత్తితిరో లెక్కింపుడు. ఎత్తిన ప్రతిసారియు యంత్రమున దారము తెంపి మరల ఆరంభింపవలెను. పిమ్మట పెన్సిలును కదల్పక, ఎడమచేతితో కాగితమునే జరుపుచు అదే నమూనాను గీయుడు. కాగితమును ఎన్నిమారులు త్రిప్పితిరో లెక్కింపుడు. అన్నిమారులు బొంతను యంత్రపు చేయిక్రింద త్రిప్పవలెను. ఇంటియంత్రమున సూదికిని కుడిప్రక్క స్తంభమునకును నడుమ ఖాళీ సుమారు ఆరేడు అంగుళములే. సగము బొంత చుట్టగా చుట్టబడి ఆ సందులోనే యుండును. ఇప్పుడు త్రిప్పుట యనిన నేమో బోధపడును.

మన ఇండ్ల ముంగిట ముగ్గులతో ఈ పరీక్షను చేసి చూడవచ్చును. మెలికల ముగ్గును చూచినవారు ఇది బొంతకు తగినదని తలంతురు. అందు గీత చాలదూరము తెగక సాగును గదా. మొదటి పరీక్షలో అది నెగ్గును. రెండవ పరీక్షలో ఓడును. చుక్క చుక్కకు గీత చుట్టు తిరుగుచుండును. కావున మెలికల ముగ్గును మూడవ బొంతకో నాలుగవదానికో దాచి యుంచుట మంచిది. కాని ముగ్గులోని చుక్కలు మొదటి బొంతకే పనికివచ్చును. సమదూరమున చుక్కలు పెట్టి, వానిని ఏటవాలుగా తిన్నని గీతలతో కలిపినచో వజ్రపు గళ్లు ఏర్పడును. గీతలన్నియు అంచునుండి అంచుకు పోవును, నడుమ తిరుగుట లేదు. అది మన ముగ్గే, యంత్రము మెచ్చిన ముగ్గు.

అంచునుండి అంచుకు పోవు వరుసలలో ఇంకొక లాభము గలదు. దారపు మొనలన్నియు బొంత అంచున పడును. తరువాత అంచుపట్టీ వేసినపుడు అవి దానిలో మునిగి గట్టిపడును. ముడులు వేయనక్కరలేదు. నడుమ ఇరువది పూవులు కుట్టినచో, ఒక్కొక్క పూవునకు మొదలు, తుద. ఒక్కొక్కచోట పైదారము, అడుగుదారము. వెరసి 80 దారపు మొనలను ముడివేసి, సూదితో పొరలలోనికి దాచవలెను. ఈ పనిని నమూనా చిత్రములలో ఎవరును చూపరు.

లెక్కలయం దిష్టముగల బాలబాలికలు దీనిని గమనింపవచ్చును. 36 అంగుళముల వెడల్పు, 45 అంగుళముల పొడవు గల చిన్నబొంతకు నిలువుగా రెండేసి అంగుళముల ఎడమున వరుసలు వేసినచో 17 వరుసలగును. ఒక్కొక్కటి 45 అంగుళములు గాన మొత్తము 765 అంగుళములు, అనగా 21 గజముల 9 అంగుళములు. అంగుళమునకు 9 కుట్ల చొప్పున 6,885 కుట్లు. పైదారము, బాబిన్ దారము కలిపి కుట్టుపొడవునకు ఇంచుమించు మూడింతలు పట్టును. కావున దారము సుమారు 60 గజములు. దీనికి అడ్డవరుసలు కూడ చేర్చి గళ్లు చేసినచో ఇంకను 22 వరుసలు, 792 అంగుళములు. మొత్తము 43 గజముల 9 అంగుళములగును. అడ్డవరుసలు లేక మూడంగుళముల ఎడముతో నిలువు వరుసలే వేసినచో 11 వరుసలు, 13 గజముల 27 అంగుళములతో పని ముగియును. ఒక్క నమూనాకును ఇంకొకదానికిని ఇంత భేదము. పరీక్షల నెలలో బొంత ఆరంభించినవారు ఏ లెక్కను ఎన్నుకొందురో చెప్పనక్కరలేదు.

అయితే ఎడమును మన యిష్టమువచ్చినంత పెంచరాదు. నడిమి పొరను బట్టి ఎడము. ఏకిన విడిదూది పరచినచో రెండు మూడంగుళములకు మించరాదు. మించినచో ఒకటి రెండు ఉతుకులకే దూది గడ్డలు కట్టును. అంగళ్లలో చుట్టలుగా అమ్ము పొరలలో కొన్నిటికి ఎక్కువ ఎడము చెల్లును. ఎంతయనునది చుట్టమీద వ్రాసియుండును, దానిని చదువవలెను. నూలుచీరల మడతలే నడిమి పొరయైనచో జారు దూది యేమియు లేదు గాన మూడు నాలుగంగుళముల ఎడమైనను నిలుచును. మొదటి బొంతకు ఇదియే మా సలహా. దూది లేదు, ముద్దకట్టుట లేదు, త్వరగా ఆరును.

తిన్నని వరుసలు వేయుటకు తిన్నని గీత కావలెను గదా. మన దేశపు నేతగాండ్రు ఆ గీతలను ముందే నేసి యుంచినారు. నారాయణపేట నూలుచీరలలో గళ్లు ప్రసిద్ధములు. ఆ గళ్లలో ఇన్నిటికొకటి యని లెక్కపెట్టుకొని, ఆ గీతవెంటనే సూదిని నడపినచో సుద్దతోను కొలబద్దతోను పనిలేదు. అచ్చువేసిన గళ్లకంటె నేసిన గళ్లు నమ్మదగినవి. అచ్చు ఒక్కొక్కప్పుడు నేతకు వంకరగా పడును, నేసిన గీత పోగువెంటనే పోవును. చాలమారులు ఉతికి ఆరవేసిన చీర కొంత ఏటవాలుగా సాగి యుండవచ్చును. తడిపి, చతురస్రముగా లాగి, ఇస్త్రీ చేసినచో సరిపడును. పైబట్ట గళ్లు లేనిదైనచో గళ్లచీరను అడుగుబట్టగా వేసి, బొంతను బోర్లించి అడుగునుండియే కుట్టవచ్చును. అపుడు బాబిన్ దారము పైకి కనబడును గాన దాని రంగును చూచి ఎన్నుకొనవలెను. ఇది చిన్న యుక్తియే, కాని మొదటిసారి కుట్టువారికి పెద్ద సాయము.

గళ్లచీర లేనివారు ఎండిన సబ్బు బిళ్లముక్కతో ముదురురంగు బట్టపై గీయవచ్చును, ఉతికిన పోవును. వాకింగ్ ఫుట్‌తోపాటు చిన్న కమ్మి యొకటి వచ్చును. దానిని పాదము ప్రక్కన బిగించి, ముందటి వరుసమీద జారునట్లు పెట్టుకొన్నచో తరువాతి వరుస సమదూరమున పడును. అపుడు మొదటి వరుస నొక్కదానిని గీసిన చాలును. దానిని మాత్రము జాగ్రత్తగా గీయవలెను.

పోచంపల్లి చేతిపనివంటి నిండైన అల్లికగల బట్టపై కుట్టునమూనా కనబడనే కనబడదు. అట్టిచోట గొప్ప నమూనా కుట్టుట వృథాశ్రమ. దారము బట్టరంగులోనిదైనచో కుట్టు వంకరలు కూడ కనబడవు. మ్యాచింగ్ సెంటరుకు చీరముక్కను తీసికొనిపోయి, దారమును దానిమీద ఒక పోగు పరచి చూచుకొనవలెను. ఉండగా చూచిన రంగు, పోగుగా చూచిన రంగు ఒకటి కావు. నూలుబట్టకు నూలుదారమో, మంచి పాలియెస్టరు దారమో చాలును. జరీ అంచులు, జారు పట్టుచీరలు, సింథటిక్ చీరలు మొదటి బొంతకు తగవు. జరీ సూదిని మొద్దుబార్చును. సింథటిక్ బట్ట ఎంత పిన్ను పెట్టినను జారును.

సాదా వరుసలు పేదతనమని కొందరి యభిప్రాయము. అమెరికాలో అలబామా రాష్ట్రమునందు గీస్ బెండ్ అను పల్లెయందలి ఆఫ్రికన్ అమెరికను స్త్రీలు, పాత పనిబట్టల పీలికలతో చలికొరకై కుట్టుకొన్న బొంతలు 2002లో హ్యూస్టను నగరపు కళాసంగ్రహాలయమున గోడలకు వ్రేలాడదీయబడెను. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వానిని తపాలాబిళ్లలపై ముద్రించెను. వానిలో హెచ్చుపాలు తిన్నని పట్టీలు, చతురస్రములే. చూపరులు మెచ్చినది రంగుల పొందికను.

ఇక పని జరుపు క్రమము. క్రొత్తబట్ట యేదైన కలిపినచో ముందు ఉతికి కుదింపవలెను. ముఖ్యముగా క్రొత్త ఎఱ్ఱబట్టను తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడక బొంతలో చేర్చరాదు. పాతచీరకు గంజి యుండరాదు. పలుచబడిన భాగములను నడిమి పొరలోనికి మరల్చి, గట్టిభాగములను పైకి, అడుగుకు వాడవలెను. అడుగుబట్టను నేలపై బిగువుగా పరచి, అంచులకు టేపు అంటించి, దానిపై నడిమి పొరను, పైబట్టను పరచవలెను. అడుగుబట్ట, నడిమి పొర నలువైపుల రెండేసి అంగుళములు పెద్దవిగా నుండుట మేలు. పిమ్మట బెత్తెడు దూరమున కొకటి చొప్పున పిన్నీసులు గ్రుచ్చవలెను. వరుస పోవు గీతమీద గాక, గీతల నడుమ గ్రుచ్చినచో కుట్టునపుడు అడ్డురావు. కొందరు పిన్నీసులకు మారుగా పొడవైన కచ్చాకుట్టు వేయుదురు. అదియు మంచిదే, ఓపిక కావలెను.

మిగిలిన ముక్కలతో మూరెడు చదరపు చిన్నబొంత నొకటి అదే పొరలతో పేర్చి, ముందుగా దానిపై కుట్టి చూడవలెను. దారపు బిగువు అచటనే తేలును. పైదారము అడుగున చుక్కలుగా కనబడినచో పైబిగువు వదులు. బాబిన్ దారము పైకి కనబడినచో బిగువు హెచ్చు. సూది 14వ నంబరు తగును. కుట్టు అంగుళమునకు ఎనిమిదినుండి పది. ఇంతకు చిన్నకుట్లు పాతబట్టను చిల్లులతో నింపి, కాగితపు బిళ్లవలె చిరుగునట్లు చేయును.

మొదటి వరుసను బొంత నడుమ వేయవలెను. అటుపిమ్మట కుడివైపు వరుసలన్నియు వరుసగా వెలుపలికి, ఒకే దిక్కునుండి ఆరంభించి కుట్టవలెను. ఆ సగము ముగిసినపిమ్మట బొంతను త్రిప్పి రెండవ సగము. అంచునుండి నడిమికి కుట్టుకొని వచ్చినచో మిగులుబట్ట నడుమ చిక్కి ఉబ్బును. నడుమనుండి పోయినచో అది అంచునకు జరిగి పోవును. బొంత బరువు బల్లనుండి క్రిందికి వ్రేలాడరాదు. వ్రేలాడినచో సూదిని లాగి కుట్లు పొట్టివగును, సూది విరుగవచ్చును కూడ. యంత్రముప్రక్కన ఒక కుర్చీ, దానిపై దిండ్లు పెట్టి బరువును ఆనించిన చాలును. చేతులు బట్టను త్రోయరాదు, లాగరాదు. దారి చూపవలెను, అంతే.

పిన్నీసుల విషయమై కఠినముగా చెప్పుచున్నాము. గ్రుచ్చుటకు ముందు ఎన్ని యున్నవో లెక్కించి కాగితముపై వ్రాసికొనవలెను. తీసిన వెనుక మరల లెక్కింపవలెను. ఒక్కటి తక్కువైనను బొంతను ఇల్లు దాటనీయరాదు. అది పసిబిడ్డ క్రింద పరచునదని జ్ఞాపకముంచుకొనుడు. మరియొకటి: ఏడాది నిండని బిడ్డ నిద్రించునపుడు మీద బొంత కప్పుట ప్రమాదకరమని నేటి వైద్యులు హెచ్చరించుచున్నారు. బిడ్డ మేలుకొనియున్నపుడు నేలపై పరచి ఆడించుటకే పసిబొంత. ఆ బాలిక అక్కకు ఈ మాటను చీటిమీద వ్రాసి బొంతతోపాటు పంపితిమి.

రెండవ బొంతకు నమూనా కోరువారు తిన్నని వరుసలకు మారుగా అలల వరుసలు వేయవచ్చును. వాకింగ్ ఫుట్ ఉండగనే, కుట్టుచు కుట్టుచు బట్టను కొంచెము కుడికి, కొంచెము ఎడమకు మరల్చినచో చెరువునీటి అలవలె వరుస వచ్చును. గీత గీయనక్కరలేదు. తిన్నని వరుసలో వ్రేలంత వంకర దూరమునకే కనబడును; అలల వరుసలో వంకరయే నమూనా గాన ఎచట తప్పినదో కుట్టినవారికే తెలియదు. నిజమునకు కొందరికి ఇదియే మొదటి బొంతకు సులభముగా నుండవచ్చును. గళ్లచీర లేనిచో మేమును దీనికే మొగ్గుదుము. అలలు మరీ దగ్గరగా మలుపు తిరిగినచో మాత్రము పొరలు ముడుతపడును. అరచేతి వెడల్పున కొక మెల్లని వంపు చాలును.

కుట్టు ముగిసిన పిమ్మట అంచులను సరిగా కత్తిరించి, ఆ చీర అంచునే రెండున్నర అంగుళముల పట్టీగా కోసి, నిలువుగా మడిచి, చుట్టును వేయవలెను. చీరలోకెల్ల గట్టిభాగము అంచు. బొంతలో ముందు అరుగునదియు అంచే. మొదటి ఉతుకు చన్నీళ్లతో, వేరుగా, మెత్తగా చేయవలెను. మెలిపెట్టి పిండరాదు. నీరోడునట్లు రెండు తీగెలమీద పరచి, నీడను ఆరవేయవలెను. ఆరిన తరువాత కుట్లవెంబడి చిన్న చిన్న ముడుతలు కనబడును. బట్టయు దారమును కొంచెము కుదిసినందువలన వచ్చినవి. ఇస్త్రీపెట్టెతో వానిని అణచనక్కరలేదు. ఏండ్లు గడచిన బొంతలయందు చేతికి తగులు మెత్తదనము ఆ ముడుతలదే.